ఆరు రోజుల ట్రెక్‌కి బూట్లా, షూసా? సామాన్ల లిస్టు కూడా చూసి చెప్పండి

కొత్తబాటసారి:
వచ్చే నెల నేనూ మా తమ్ముడూ ఆరు రోజుల ట్రెక్‌కి వెళ్తున్నాం. గైడు, పోర్టరు ఎవరూ ఉండరు, టెంటు దగ్గర్నుంచి తిండి దాకా అన్నీ మేమే మోసుకోవాలి. దారి చాలావరకు అడవిలో మట్టిబాట, రెండు మూడు చోట్ల వాగు దాటాలి, చివరి రెండు రోజులు మాత్రం రాళ్లు, గుట్టలు, బాగా దిగుడు. వాన పడొచ్చు, పడకపోవచ్చు. రాత్రిపూట 5 డిగ్రీల దాకా పడిపోతుందట. నాకు ఒక్కరోజు నడకలే అలవాటు, రాత్రి బస ఇదే మొదలు.

షాపాయనేమో చీలమండ దాకా వచ్చే వాటర్‌ప్రూఫ్ లెదర్ బూట్లు కాకుండా ఇంకేం వేసుకున్నా కాలు విరిగి ఇంటికొస్తారన్నట్టు మాట్లాడాడు. ట్రెక్కింగ్ బాగా చేసే స్నేహితుడేమో మట్టిబాటల్లో పరుగెత్తేవాళ్లు వేసుకునే మామూలు ట్రెయిల్ రన్నింగ్ షూస్ చాలు పొమ్మన్నాడు. ఇద్దరి మాటా విని బుర్ర వేడెక్కిపోయింది.

ఇక సామాన్లు: 70 లీటర్ల బ్యాక్‌ప్యాక్ (2.4 కేజీలు), టెంటు 3.1, స్లీపింగ్ బ్యాగ్ 1.7, ఫోమ్ మ్యాట్ 0.4, స్టవ్, గ్యాస్, గిన్నెలు కలిపి 1.3, బట్టలు 3, మందుల పెట్టె 0.8, పవర్ బ్యాంకు, టార్చి, తాళ్లు, కత్తి లాంటివి 1.2. తిండి, నీళ్లు కాకుండానే 14 కేజీలకు అటూ ఇటూ తేలింది. నా బరువు 64. ఏం తీసేయాలో, కాళ్లకి ఏం వేసుకోవాలో చెప్పండి.

రాళ్లదారి:
బూట్ల సంగతి పక్కన పెట్టి ముందు ఆ 14 కేజీల సంగతి చూద్దాం. ఆరు రోజుల తిండి ఎంత పొదుపుగా సర్దినా రోజుకు 600–700 గ్రాములు, అంటే 4 కేజీలు. నీళ్లు 2. మొత్తం 20. మనిషి బరువులో ఐదో వంతు దాటొద్దని నడిచేవాళ్లంతా చెప్పుకునే లెక్క ప్రకారం మీ హద్దు 13. 20 కేజీలు వీపున వేసుకుని రాళ్లలో దిగేవాడికైతే నేను కూడా గట్టి బూట్లే చెప్తా. 13 దరిదాపుల్లోకి వస్తే నా జవాబు వేరే. అందుకే షూ కొనడం మొదటి పని కాదు, చివరి పని. దారి ఎలాంటిదో మీరే చెప్పారు, బరువు ఎంతో తేల్చండి, మీ పాదం ఎలాంటిదో చూసుకోండి, అప్పుడు కొనాల్సిన జత దానంతటదే తేలుతుంది.

బూటు బరువుని తేలిగ్గా తీసుకోవద్దు. కాలికున్న బరువుని అడుగడుక్కీ ఎత్తాలి, ముందుకు ఊపాలి, మళ్లీ ఆపాలి. 1980ల్లో సైనికుల బూట్ల మీద చేసిన పరీక్షల్లో పాదం మీద బరువుకి, అదే బరువు వీపు మీద ఉన్నప్పటికంటే నాలుగైదు రెట్లు, కొన్నిసార్లు ఆరు రెట్లు కూడా శక్తి ఖర్చయింది. షాపాయన చూపించిన లాంటి జత కేజీన్నర ఉంటుంది, ట్రెయిల్ రన్నర్ల జత 600–700 గ్రాములు. ఆ తేడా వీపు మీద దగ్గర దగ్గర 4 కేజీలతో సమానం. మీ టెంటు కంటే ఎక్కువ.

పాతబూటు:
వచ్చేశారండీ తేలిక బరువుల బ్యాచ్ :) రాళ్లదారి అన్న మాటలో తప్పు లేదు గానీ ఒక వైపే చెప్పాడు. రాళ్ల గుట్టల్లో రోజంతా నడిస్తే మెత్తటి సోల్ కింద ప్రతి మొనా అరికాలికి తెలుస్తుంది. సాయంత్రానికి పాదం లోపల ఎముకలు పిండేసినట్టు ఉంటుంది. గట్టి సోల్ అయితే ఆ దెబ్బ అది తీసుకుంటుంది, ఏటవాలులో షూ అంచు మీద నిలబడినా మెలిపడదు. పైగా మంచి లెదర్ బూటుకి అరిగిన సోల్ మార్పించి మళ్లీ ఏళ్ల తరబడి వాడుకోవచ్చు.

ఇంట్లో ఎవరివైనా పాత బూట్లు ఉన్నాయి కదా అని వాడబోతే మాత్రం జాగ్రత్త. అడుగు రబ్బరుకీ పాదానికీ మధ్య ఉండే మెత్తటి పొర, అంటే మిడ్‌సోల్, పాలీయురెథేన్ అనే ప్లాస్టిక్ నురుగుతో చేసిన బూట్లు వాడకుండా అల్మరాలో ఉంచినా గాలిలో తేమకే ఏళ్ల మీద పాడవుతాయి. పైకి కొత్తవాటిలా నిగనిగలాడుతూనే ఉంటాయి. మడమ దగ్గర సోల్ పక్కభాగాన్ని గోరుతో గట్టిగా నొక్కి చూడండి, సన్న గీతలు పడ్డా, పొడిపొడిగా రాలినా అవి ట్రెక్‌కి పనికిరావు. దారిలో రెండో రోజు అడుగు మొత్తం ఊడి చేతికొస్తుంది. ఒక ట్రెక్‌లో మాతో వచ్చినాయన అలా ఊడిన సోల్‌ని టెంటు తాడుతో కట్టుకుని కుంటుతూ కిందకి దిగాడు.

మధ్యలోవచ్చా:
నాకు తెలిసి ఈ గొడవ ఎప్పటికీ తెగదు. చదవడానికి కూర్చున్నా.

తేలికసంచి:
కొత్తబాటసారి గారూ, మీ లిస్టులో కత్తిరించడానికి బోలెడు ఉంది. మీరిద్దరు కదా, టెంటు ఒకటే కదా? మరి 3.1 అంతా మీ వీపు మీదెందుకు? కడ్డీలు, మేకులు, పై గుడ్డ ఒకరికి, లోపలి గుడ్డ ఇంకొకరికి. స్టవ్, గిన్నెలు కూడా అలాగే పంచుకోండి. బట్టలు 3 కేజీలంటే జీన్స్ ఉండుండాలి, అవునా? తీసేయండి. నడవడానికి ఒక జత, పడుకోవడానికి పొడిగా దాచుకునే ఒక జత, చలికి ఒక వెచ్చటి జాకెట్, వానకి ఒక పై జాకెట్, మూడు జతల సాక్సులు. కాటన్ అసలు వద్దు, తడిస్తే ఆరదు, ఒంట్లో వేడి లాగేస్తుంది.

మందుల పెట్టె 800 గ్రాములంటే సీసాలతో సహా పెట్టినట్టున్నారు. ఆరు రోజులకు సరిపడా మాత్రలు పేర్లు రాసిన చిన్న కవర్లలో పెడితే పావు కేజీ కూడా రాదు. మీరు రోజూ వేసుకునే మందులుంటే మాత్రం రెండు రోజులవి ఎక్కువ పెట్టుకోండి, అక్కడ పొదుపు వద్దు.

ఇవన్నీ తగ్గాక 70 లీటర్ల సంచి ఖాళీగా వేలాడుతుంది. 50–55 చాలు. పెద్ద సంచి ఉంటే మనిషి ఏదో ఒకటి కుక్కుతూనే ఉంటాడు.

సన్నజాజి:
స్లీపింగ్ బ్యాగ్ మీద ఏం రాసుందో చూశారా? చాలావాటి మీద రెండు అంకెలు ఉంటాయి, ఒకటి కంఫర్ట్, ఇంకోటి లిమిట్. లిమిట్ అంటే ముడుచుకుని పడుకుంటే ఎలాగో రాత్రి గడుస్తుంది అని, హాయిగా నిద్రపడుతుందని కాదు. షాపుల్లో పెద్ద అక్షరాల్లో కనిపించేది తరచుగా ఆ లిమిట్ అంకే. మీకు 5 డిగ్రీలన్నారు కాబట్టి కంఫర్ట్ 0 దగ్గర ఉన్నది చూసుకోండి. ఆడవాళ్లయితే, చలి ఎక్కువ అనిపించేవాళ్లయితే కంఫర్ట్ అంకె తప్ప వేరేది చూడనే వద్దు.

కింద పరిచే మ్యాట్ కూడా అంతే ముఖ్యం. బ్యాగులో మన కింద పడ్డ భాగం నలిగిపోయి వేడి పట్టదు, నేల చలిని ఆపేది మ్యాటే. దాని మీద ఆర్ వాల్యూ అని ఉంటుంది, ఎక్కువైతే ఎక్కువ వెచ్చన. రెండు మ్యాట్లు ఒకదాని మీద ఒకటి వేస్తే ఆ అంకెలు కూడతాయి. మీ ఫోమ్ మ్యాట్ 2 దగ్గర ఉంటే, ఈ చలికి ఫర్వాలేదు.

కొత్తబాటసారి:
అవును, జీన్స్ ఉంది, అదీ రెండు :( టెంటు తమ్ముడితో పంచుకోవాలన్న ఆలోచనే రాలేదు, వాడికి చెప్తే వాడి మొహం చూడాలి. సరే, బరువు మళ్లీ తూచి చెప్తా. వాటర్‌ప్రూఫ్ సంగతి ఎవరూ చెప్పలేదు. వాగులు దాటాలి కదా, అది ఉంటేనే మంచిదా?

తేలికసంచి:
వాగు దాటాలి కాబట్టే వద్దు.

పాతబూటు:
అలా ఒక్క ముక్కలో తేల్చేస్తే ఎలా? మంచులో, తడి గడ్డిలో, చల్లటి వానలో నడిచేటప్పుడు వాటర్‌ప్రూఫ్ బూటు ఇచ్చే సుఖం వేరు. పొద్దున్నే మంచు పట్టిన గడ్డిలో గంట నడిస్తే బట్ట షూ నానిపోతుంది, చలికి వేళ్లు మొద్దుబారతాయి.

తేలికసంచి:
చల్లటి చోట్లకి ఒప్పుకుంటా. కానీ వీళ్లు పోయేది అడవి, వాగులు. మోకాలి లోతు నీళ్లలో దిగితే ఏ వాటర్‌ప్రూఫ్ బూటుకైనా నీళ్లు పైనుంచే వస్తాయి. లోపలికొచ్చిన నీళ్లకి బయటికి దారుండదు. లోపలుండే ఆ పొరకి సన్నటి రంధ్రాలుంటాయి, నీటి చుక్క దూరలేదు, చెమట ఆవిరి మాత్రం బయటికి పోతుంది, అంతవరకు నిజమే. బాబ్ గోర్ 1969లో టెఫ్లాన్ రకం ప్లాస్టిక్‌ని గబుక్కున లాగితే అలాంటి పొర వచ్చింది, వాటర్‌ప్రూఫ్ బూట్ల మీద కనిపించే గోర్‌టెక్స్ అక్కణ్నుంచే. కానీ పై గుడ్డ నీళ్లు పీల్చేసి బరువెక్కాక ఆవిరి పోయే దారి మూసుకుపోతుంది, అప్పుడు కాలు చెమటలోనే నానుతుంది. మామూలు బట్ట షూ అయితే వాగు దాటాక ఇరవై అడుగులకే సగం నీళ్లు పిండేసినట్టు బయటికి పోతాయి, ఎండ ఉంటే మధ్యాహ్నానికి దాదాపు ఆరిపోతుంది.

వాగు దాటేటప్పుడు షూ విప్పి వట్టి కాళ్లతో మాత్రం దిగొద్దు. నాచు పట్టిన రాయి మీద అరికాలు జారిందంటే అక్కడే ప్రయాణం అయిపోతుంది. లోపలి అట్ట, సాక్సులు తీసేసి షూ వేసుకుని దాటండి, అవతల ఒడ్డున పొడి సాక్సులు వేసుకోండి. దిగేముందు బ్యాక్‌ప్యాక్ నడుము బెల్టు విప్పండి, పడితే సంచి వదిలేసి లేవగలగాలి.

రాళ్లదారి:
ఆ చివరి మాట పదిసార్లు చదువుకోండి.

చీలమండ సంగతి కూడా చెప్పేస్తా. ఎత్తు బూటు చీలమండ బెణక్కుండా కాపాడుతుందని అందరూ అంటారు, ఋజువు మాత్రం మనం అనుకున్నంత గట్టిగా లేదు. 1993లో కాలేజీ బాస్కెట్‌బాల్ ఆటగాళ్ల మీద చేసిన ఒక అధ్యయనంలో పొడుగు షూ వేసుకున్నవాళ్లకీ పొట్టి షూ వేసుకున్నవాళ్లకీ బెణకడంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. కొండదారి ఆటస్థలం కాదు, నిజమే. కానీ ఇప్పుడొచ్చే, చీలమండ దాకా ఉండే మెత్తటి బట్ట మిడ్ బూట్లు చూడండి, పై భాగాన్ని రెండు వేళ్లతో వంచేయొచ్చు. అది కాలినేం ఆపుతుంది? రాయి గీరుకోకుండా ఆపుతుంది, మట్టి లోపలికి రాకుండా ఆపుతుంది, అంతే.

పాతబూటు:
పాత బెణుకులున్న కాలికి మాత్రం తేడా ఉంటుంది. అది నా మాట కాదు, నా ఎడమ కాలి మాట.

పాదాలపిచ్చి:
షూ అమర్చడమే నా పని కాబట్టి నాలుగు మాటలు. బూటా షూనా అని ఇంత సేపు కొట్టుకున్నారు, సరిపోని జత ఏదైనా ఒకటే, కరుస్తుంది. సరిపోవడమంటే ఏమిటో ఎవరూ చెప్పలేదు.

సాయంత్రం పూట వెళ్లండి, రోజంతా తిరిగాక పాదం కొంచెం ఉబ్బి ఉంటుంది, ట్రెక్‌లో ఇంకా ఉబ్బుతుంది. ట్రెక్‌లో వేసుకునే సాక్సులే పట్టుకెళ్లండి. రెండు పాదాలూ కొలిపించుకోండి, చాలామందికి ఒకటి పెద్దది ఉంటుంది, పెద్దదానికి సరిపోయేది కొనాలి. పొడవు ఒక్కటే కొలిస్తే చాలదు, మడమ నుంచి బొటనవేలి కింద ఉబ్బెత్తు దాకా ఎంతో కూడా కొలవాలి. షూ వంగే చోటూ మీ పాదం వంగే చోటూ ఒకటి కాకపోతే ఏ సైజైనా తేడా చేస్తుంది.

షూ చేతికొచ్చాక లోపలి అట్ట బయటికి తీసి నేల మీద పెట్టి దాని మీద నిలబడండి. వేళ్ల ముందు బొటనవేలి వెడల్పంత జాగా ఉండాలి. చిటికెన వేలు అంచు దాటి బయటికి పొంగిందంటే ఆ మోడల్ మీది కాదు, ఎంత నచ్చినా పక్కన పెట్టేయండి, వాడగా వాడగా సాగుతుందిలే అనుకోవద్దు. తర్వాత షూ తొడిగి, లేసు కట్టకుండా పాదాన్ని ముందుకు తోసి మడమ వెనక వేలు పెట్టండి, ఒక వేలు సులువుగా దూరాలి. అప్పుడు మడమని వెనక్కి తన్ని లేసు బిగించండి. షాపులో ఏటవాలు పలక ఉంటే దాని మీద దిగండి, లేకపోతే మెట్లు దిగుతూ ముందుకు గట్టిగా తన్నండి. వేళ్లు ముందుకి తగిలాయా, దిగుడు దారిలో గోళ్లు నల్లబడటం ఖాయం. ఎక్కేటప్పుడు మడమ లేస్తోందా, బొబ్బ ఖాయం.

మడమ కొంచెమే లేస్తుంటే షూ మార్చక్కర్లేదు. పైన అందరూ ఖాళీగా వదిలేసే ఆఖరి రంధ్రం ఒకటుంటుంది. లేసుని అదే వైపు పై రంధ్రంలోకి పోనిచ్చి చిన్న ఉంగరంలా వదలండి, రెండో వైపు కూడా అంతే, ఒక్కో కొసని ఎదుటి ఉంగరంలోంచి లాగి బిగించి ముడెయ్యండి. మడమ కదలదు, వేళ్ల దగ్గర వదులుగానే ఉంటుంది. ఎక్కేటప్పుడు ముందు భాగం వదులు చేసుకోవడం, దిగేముందు ఒక్క నిమిషం కూర్చుని లేసు మళ్లీ బిగించుకోవడం అలవాటు చేసుకుంటే సగం బాధలు తప్పుతాయి. ఆ ఒక్క నిమిషానికి బద్ధకించే కాళ్లు పాడుచేసుకుంటారు.

మధ్యలోవచ్చా:
ఆ పై రంధ్రం ఎందుకుందో నాకు ఇవాళ తెలిసింది.

సన్నజాజి:
సాక్సులు: మెరినో ఉన్ని కలిసినవి. మూడు జతలు చాలు, ఒకటి కాలికి, ఒకటి ఉతికి సంచికి వేలాడదీసి ఆరేది, ఒకటి రాత్రికి మాత్రమే.

బొబ్బల గురించి. ముందు వెచ్చగా, చురుక్కుమన్నట్టు ఉంటుంది. అప్పుడే ఆగాలి, తర్వాతి మలుపులో ఆగుదాంలే అనుకుంటే అయిపోయినట్టే. షూ విప్పి, పాదం తుడిచి, ఆరనిచ్చి టేపు వేయండి. మందుల షాపులో దొరికే మామూలు పేపర్ టేపు చాలు. 2016లో ఎడారిలో పరుగెత్తే అల్ట్రా మారథాన్ వాళ్ల మీద దాన్ని ముందే వేసి చూస్తే బొబ్బలు 40 శాతం తగ్గాయి. ఇంతకుముందు ఎక్కడ బొబ్బ వచ్చిందో అక్కడ పొద్దున్నే వేసేసుకోండి. టేపు మూలలు గుండ్రంగా కోయాలి, చతురస్రంగా ఉంటే సాక్సుకి పట్టుకుని లేచిపోతాయి.

రాళ్లదారి:
దిగుడుందన్నారు కాబట్టి పోల్స్, అంటే ట్రెక్కింగ్ చేతికర్రలు, తప్పకుండా. దిగేటప్పుడు రెండు పోల్స్ వాడితే మోకాలి మీద పడే భారం 25 శాతం దాకా తగ్గుతుందని 1999 నాటి కొలతల్లో వచ్చింది. ఎక్కేటప్పుడు పొట్టి చేసుకోండి, దిగేటప్పుడు కొంచెం పొడుగు. వాగులో మూడో కాలు, నాలుగో కాలు అవే.

సోల్ గురించి పాతబూటు గారు చెప్తే బావుంటుంది, ఆయనకి ఆ పసుపు లేబుల్ అంటే ప్రాణం.

పాతబూటు:
అడిగారు కాబట్టి. ఆ పసుపు లేబుల్ మీద ఉండే వైబ్రం, సోల్స్ చేసే కంపెనీ, ఒక మనిషి పేరులోంచి వచ్చింది, విటాలే బ్రమానీ. ఇటలీ పర్వతారోహకుడు. 1935లో ఆల్ప్స్‌లో ఆయనతో వెళ్లినవాళ్లలో ఆరుగురు పోయారు, కాళ్లకి సరైనవి లేకపోవడం కూడా ఒక కారణమని ఆయన గట్టిగా నమ్మాడు. 1937 కల్లా రబ్బరులో లోతుగా గట్లు పోసిన సోల్ చేశాడు. ఇప్పుడు మనం వేసుకునే ప్రతి ట్రెక్కింగ్ సోల్‌కీ అదే పెద్దదిక్కు.

మీ దారికి చెప్పాలంటే, మట్టికి లోతైన, ఎడంగా ఉన్న గట్లు కావాలి, దగ్గర దగ్గరగా ఉంటే బురద పేరుకుపోయి నున్నగా తయారవుతుంది. తడి రాయికి గట్ల లోతు కంటే రబ్బరు మెత్తదనం ముఖ్యం. మెత్తటి రబ్బరు పట్టుకుంటుంది, త్వరగా అరుగుతుంది. రెండూ ఒకే సోల్‌లో పూర్తిగా దొరకవు. మీకు వాగులూ, రాళ్లూ ఉన్నాయి, నేనైతే మెత్తటి రబ్బరు వైపే మొగ్గుతా.

తేలికసంచి:
ఇంత సోల్ లేకుండానే అమెరికాలో ఎమ్మా గేట్‌వుడ్ అనే ఆవిడ 1955లో, 67 ఏళ్ల వయసులో, మూడు వేల కిలోమీటర్ల పైచిలుకు అపలేచియన్ ట్రెయిల్ ఒంటరిగా నడిచేసింది. కాళ్లకి కాన్వాస్ షూస్, భుజాన తను కుట్టుకున్న గుడ్డ సంచి, వానకి స్నానాల గది ప్లాస్టిక్ కర్టెన్. ఊరికే గుర్తుచేస్తున్నా :)

పాతబూటు:
ఆవిడ ఎన్ని జతల షూస్ అరగదీసిందో కూడా చెప్పు మరి.

కొత్తబాటసారి:
ఇద్దరం వెళ్లి చూసొచ్చాం. ముందు బరువు సంగతి: జీన్స్, ఒక పెద్ద గిన్నె, మందుల సీసాలు పోయాయి, టెంటు పంచుకున్నాం, 55 లీటర్ల సంచి ఒకటి స్నేహితుడి దగ్గర అరువు తెచ్చా, కేజీన్నర ఉంది. తిండి, నీళ్లు కాకుండా ఎనిమిదిన్నర. అన్నీ కలిపి పద్నాలుగున్నర.

లెదర్ బూటు తొడిగి చూశా, పొడవు సరిపోయింది గానీ అట్ట తీసి నిలబడితే చిటికెన వేలు బయటికొచ్చింది. పాదాలపిచ్చి గారు చెప్పకపోతే అవే కొనేసేవాణ్ని. చివరికి ముందు భాగం వెడల్పున్న తక్కువ ఎత్తు ట్రెక్కింగ్ షూ తీసుకున్నా, వాటర్‌ప్రూఫ్ కాదు, వేళ్ల కింద రాళ్లు గుచ్చుకోకుండా సన్నటి పలక ఉంది, జత 740 గ్రాములు. తమ్ముడికి రెండేళ్ల కిందట కాలు బెణికి ఇప్పటికీ అప్పుడప్పుడు లాగుతుంది, వాడు కాస్త గట్టి మిడ్ బూటు తీసుకున్నాడు. పాతబూటు గారూ, మీ పార్టీకి ఒక ఓటు.

ఒక డౌటు. కొత్త సంచి వేసుకుంటే భుజాలు లాగేస్తున్నాయి.

తేలికసంచి:
భారం నడుము మీద పడట్లేదు. తల వంచితే మెడ కింద ఒక ఎముక ఉబ్బెత్తుగా తగులుతుంది చూడండి, అక్కణ్నుంచి నడుము ఎముకల పై అంచు దాకా తమ్ముడితో కొలిపించుకోండి, సంచి వీపు సైజు దాన్ని బట్టి ఉండాలి. మీ ఎత్తుని బట్టి అది తేలదు. వేసుకునేటప్పుడు పట్టీలన్నీ వదులు చేసి, ముందు నడుము బెల్టుని ఎముకల మీద కూర్చోబెట్టి బిగించండి, ఆ తర్వాతే భుజం పట్టీలు, చివర్న భుజం మీద ఉండే చిన్న పట్టీలు. బరువైన తిండి, నీళ్లు వీపుకి ఆనుకుని మధ్యలో, స్లీపింగ్ బ్యాగ్ అడుగున. లోపల ఒక మందపాటి ప్లాస్టిక్ సంచి వేసి అందులో సర్దండి, వాన కవర్‌ని నమ్ముకోవద్దు, వీపు వైపు నుంచి తడుస్తుంది.

రాళ్లదారి:
నీళ్లు కాచి తాగేట్టయితే బాగా తెర్లాక 1 నిమిషం, 2000 మీటర్ల పైన 3 నిమిషాలు. గ్యాస్ ఆ లెక్కన పెట్టుకోండి.

ఇంకా నెలుంది కదా, ఆ షూతో, నిండు సంచితో, ఎక్కుడూ దిగుడూ ఉన్న చోట వారం వారం నడవండి. ఒకసారి కావాలనే తడిపి నడవండి.

కొత్తబాటసారి:
తడిపి కూడానా! సరే. ఆఖరి లిస్టు చూడండి: సాక్సులు మూడు, పేపర్ టేపు, పోల్స్ ఇద్దరికీ, హెడ్‌ల్యాంప్, అదనపు లేసు ఒక జత, ప్లాస్టిక్ సంచులు, రాత్రి వేసుకోవడానికి తేలిక చెప్పులు, విజిల్, లైటర్లు రెండు.

సన్నజాజి:
కత్తెర ఏది? టేపు మూలలు గుండ్రంగా కోయాలన్నాగా.

కొత్తబాటసారి:
చిన్నది ఉంది, గోళ్లు కత్తిరించుకునేది. చాలా?

పాదాలపిచ్చి:
చాలు. బయల్దేరే రెండు రోజుల ముందు కాలిగోళ్లు కూడా దాంతోనే తీసేసుకోండి, తిన్నగా కోయండి, మూలలు లోపలికి తవ్వొద్దు.